అన్నయ్య పోసిన నూనె

జూన్ 2

వదినకి,

నీ కుట్టుమిషన్ క్షేమం. నేనూ క్షేమమే కానీ, నువ్వు ముందు అడిగేది మిషన్ సంగతే కాబట్టి అదే ముందు రాశాను. లారీ అతను దాన్ని మెట్ల కింద దించేసి, పైకి మొయ్యడం తన పని కాదని చెప్పి చక్కా పోయాడు. పక్క గదిలో ఇస్త్రీ చేసే బాబాయి ఒక పక్కా, నేను ఒక పక్కా పట్టుకుని ఎలాగో పైకి చేర్చాం. అన్నయ్య దానికి చుట్టిన గోనెలూ దుప్పట్లూ తాళ్ళూ విప్పేసరికి ఒక పూట గడిచిపోయింది. పసిబిడ్డకి కూడా ఎవరూ అంత జాగ్రత్తగా కప్పరు.

గది బాగానే ఉంది. నాకంటే ముందు ఇక్కడ రేడియోలు బాగుచేసేవాడు ఉండేవాడట, గోడ నిండా తెగిన వైర్లు వేలాడుతున్నాయి. వెనక సందులోకి ఒక కిటికీ ఉంది. బాబాయి ఇస్త్రీ పెట్టె వేడెక్కితే మా మధ్య గోడ కూడా వెచ్చబడుతుంది. చలికాలంలో హాయిగా ఉంటుందిలే అనుకుంటున్నాను. ఇప్పుడు మాత్రం ప్రాణం పోతోంది.

ఫ్యాక్టరీలో పని మానేశానని రాశాను కదా. మా లైను సూపర్‌వైజరు, అదే, ఎప్పుడూ మెడలో ఈల వేసుకుని తిరిగే ఈలాయన, పోయేటప్పుడు ఒక మాటన్నాడు. 'ఇలా సొంత షాపు పెడతామని వెళ్ళినవాళ్ళని చాలామందిని చూశాను. నెల తిరక్కుండా గేటు దగ్గర నిలబడతావు' అన్నాడు. నాతో ఒక్కదానితో అన్నా ఊరుకునేదాన్ని, లైను మొత్తం వింటుండగా అన్నాడు.

అదృష్టం బాగుండి, వీధి చివర బేకరీ ఆవిడ తన పనివాళ్ళందరికీ తెల్ల కోట్లు కుట్టమంది. నెలాఖరుకి ఇవ్వాలి. నచ్చితే ఆవిడ మిగతా దుకాణాల పని కూడా నాకే ఇస్తుంది. నచ్చకపోతే ఈ గది ఖాళీ చేసి ఈలాయన ముందు తల వంచుకుని నిలబడాలి. ప్రాణం పోయినా ఆ పని చెయ్యను.

ఇక అసలు సంగతి. మిషన్ సొరుగులో అన్నయ్య ఒక మందుసీసా నిండా నూనె పోసి పెట్టాడు. సీసాకి అంటించిన చీటీ మీద 'వారం వారం ధారాళంగా పొయ్యి' అని రాసి ఉంది. చూడగానే నాకు మన ఇల్లు గుర్తొచ్చింది. ఆదివారం పొద్దున్నే అన్నయ్య చొక్కా విప్పేసి, మిషన్‌ని వెనక్కి వంచి, ఆపరేషన్ చేసే డాక్టర్లా మొహం పెట్టి నూనె పోస్తుంటే, మనమంతా చుట్టూ నిలబడేవాళ్ళం. ప్రయాణంలో కుదుపులకేమో మిషన్ కాస్త బిగుసుకుంది. ఈ నూనే పొయ్యనా? ఇన్నేళ్ళూ దీంతోనే కదా అది పరుగులు పెట్టింది.

నీ మరదలు,
షాపు యజమానురాలు (బోర్డు ఇంకా రాయించలేదు)


జూన్ 6

బోర్డు లేని యజమానురాలికి,

నీ ఉత్తరం మీ అన్నయ్య గట్టిగా చదివి వినిపించారు. మనింటి పద్ధతి నీకు తెలిసిందే. వచ్చిన ఉత్తరం ముందు ఆయన చదవాలి. వెళ్ళే ఉత్తరం కూడా ఆయన చూసి, కింద తనదో ముక్క కలిపి, స్వయంగా వెళ్ళి పోస్టు చెయ్యాలి. రిటైరయ్యాక ఆ పద్ధతి మరీ ముదిరింది. ఇప్పుడు కూడా ఎదురుగా కుర్చీ వేసుకుని నా కలం వంకే చూస్తున్నారు.

గోడలోంచి వేలాడే వైర్లు ముట్టుకోకు. ముందు వాటి సంగతి చూడమని ఇంటివాళ్ళని అడుగు. అడగడానికి మొహమాటపడే రకం కాదులే నువ్వు.

నూనె గురించి అడిగావు. మీ అన్నయ్య నూనె ఆషామాషీ నూనె కాదు. బస్సు ఇంజన్లలో పోసేది. డిపోలో స్నేహితులు ఆయన మీద అభిమానం కొద్దీ ఇచ్చింది. అలాంటి నూనెని మొదట్లోనే వాడేసుకుంటావా? దాచిపెట్టుకో. పై అరలో, చెయ్యి అందనంత ఎత్తున పెట్టు. ప్రస్తుతానికి, కుట్టు మిషన్లు బాగుచేసే దుకాణంలో చిన్న చిన్న సీసాల్లో పల్చటి నూనె అమ్ముతారు, నీళ్ళలా ఉంటుంది. దాంతో సరిపెట్టుకో. అది కూడా ఒక్కో చుక్క చాలు. కుట్టేది తెల్లబట్ట కాబట్టి చెబుతున్నాను. తెలివైనదానివి, ఇంతకంటే విడమరిచి రాయక్కర్లేదు.

వేళకి తిను. రాత్రుళ్ళు కళ్ళు పాడుచేసుకోకు.

నీ వదిన

అమ్మలూ, మీ వదిన ఒట్టి పిసినారి. నువ్వు ఏమీ దాచకు. పొయ్యి. నూనె తాగకుండా నడిచే ఇంజను ఈ లోకంలో లేదు. అయిపోతే మళ్ళీ పంపిస్తాను. — అన్నయ్య


జూన్ 11

వదినగారికి నమస్కారములు.

తమరి ఉత్తరం అందింది. నూనె పై అరలో దాచుకోమన్నారు. చుక్కతో సరిపెట్టుకోమన్నారు. నాకు విషయం అర్థమైంది. మిషన్ ఇచ్చేశాక మీ మనసు పీకుతోంది. ఇప్పుడు నూనె దగ్గర మొదలైంది, రేపు సూదుల దగ్గరికీ దారం దగ్గరికీ వస్తుంది. నేనేమీ అడిగి తెచ్చుకోలేదు. 'నాకు చూపు ఆనడం లేదు, నువ్వన్నా వాడుకో' అని మీరే ఇచ్చారు. మీరు ఇచ్చేటప్పుడు నేను ఏడ్చాను కూడా. ఆ ఏడుపంతా వృథా.

అన్నయ్య మనసున్న మనిషి కాబట్టి అన్నయ్య మాటే విన్నాను. రంధ్రం కనిపించిన ప్రతిచోటా ధారాళంగా పోశాను. పోశాక మిషన్ తిరగడానికి మొరాయించింది. పెడల్ తొక్కుతుంటే ఎడ్లబండిని ఒంటిచేత్తో లాగుతున్నట్టుంది. కాళ్ళు వాచిపోయాయి. ఇస్త్రీ బాబాయి చూసి, నూనె మరీ చిక్కగా ఉంది, కాస్త తలనూనె కలిపితే పల్చబడుతుందని సలహా చెప్పాడు. కలిపాను. ఆ రోజుకి బాగానే తిరిగింది. మర్నాడు పొద్దున చక్రం మీద చెయ్యి వేస్తే అంగుళం కదల్లేదు. లోపలంతా బంక పట్టేసింది. మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టు, సూది పైనుంచి ఒక నల్లటి చుక్క జారి, అప్పటికి పూర్తయిన ఒకే ఒక్క కోటు ఛాతీ మీద పడింది.

తుడిచిన కొద్దీ అది ఊరంతా పాకింది. చివరికి దాని మీద ఒక జేబు కుట్టి కప్పెట్టాను. బాగానే ఉందనుకో. కానీ వదినా, కనబడ్డ మరకల్లా కప్పాలంటే వీపు మీదా భుజాల మీదా జేబులు కుట్టాలి. బేకరీ ఆవిడ నిన్న ఇటుగా వెళ్తూ 'ఎంతవరకొచ్చాయమ్మా' అని నవ్వుతూ అడిగింది. 'అయిపోతున్నాయండీ' అన్నాను. నాకు మాత్రం ఈలాయన ఈల చెవిలో వినిపిస్తోంది. నాకు భయంగా ఉంది, ఏం చెయ్యాలో తోచడం లేదు.

పైన ఎక్కడో 'ఉందనుకో' అని రాసేశాను. పొరపాటు. 'ఉందనుకోండి' అని చదువుకోండి. మిషన్ కావాలంటే మొహమాటం లేకుండా చెప్పండి. లారీ అతనికి దారి తెలుసు.

ఇట్లు,
తమరి ఆడపడుచు


జూన్ 15

ఒసేయ్ మొద్దూ,

ఈ ఉత్తరం పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కలానికి దారం కట్టి ఉంది, అది ఎంత దూరం వస్తే నా చెయ్యీ అంత దూరమే వెళ్తోంది, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. మీ అన్నయ్య క్షవరానికి వెళ్ళారు. ఆ షాపులో కబుర్లు తెగేసరికి నా పని అయిపోతుంది.

నీ ఉత్తరం ఆయన చదివారు. నువ్వు నా మీద అలిగిన చోట ఒకసారి గొంతు సర్దుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఆ పేరా దాటేశారు. నేను తర్వాత తీసి చదువుకున్నాను. మిషన్ బిగుసుకుందన్న చోట మాత్రం గట్టిగా చదివి, 'తక్కువ పోసుంటుంది. వచ్చేవారం ఇంకొంచెం ఎక్కువ పొయ్యమని రాయి' అన్నారు. నేను మింగలేకా కక్కలేకా అలాగే రాసిచ్చాను, ఆ ఉత్తరం ఆయనే పోస్టు చేశారు.

ఇప్పుడు విను. ఆ మిషన్ ఇన్నేళ్ళు పరుగులు పెట్టింది మీ అన్నయ్య నూనెతో కాదు. ఆయన ఆదివారం నూనె పోసి, చెయ్యి తుడుచుకుని స్నానానికి వెళ్ళేవారు. నువ్వు ఆటలకి పోయేదానివి. ఆయన స్నానం ముగించే లోపల నేను మిషన్ వంచి, ఆయన పోసిందంతా పాతగుడ్డతో పీల్చి, కిరోసిన్‌తో కడిగి, నా పల్చటి నూనె చుక్క చుక్క వేసి, మళ్ళీ ఎలా ఉన్నదలా నిలబెట్టేదాన్ని. నా నూనె సీసా ఊలు ఉండల బుట్ట అడుగున ఉండేది. మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ వరండాలో కూర్చుని నాకు కాపలా కాసింది. స్నానాల గది గడియ చప్పుడు వినగానే దగ్గేది. ఆవిడకి అంత దగ్గు ఎందుకొస్తోందా అని మీ అన్నయ్య మందు కూడా తెచ్చారు. పాపం, ఆవిడ నా కోసం ఆ మందు తాగింది కూడా.

తప్పు చేశానని ఒప్పుకుంటున్నాననుకోకు. గొప్ప చెప్పుకుంటున్నాను.

ఎందుకు చెప్పలేదంటావు. పెళ్ళయిన కొత్తలో డిపోలో హెడ్ మెకానిక్ మీ అన్నయ్యకి చక్రాలు కడిగే పని తప్ప ఇంకోటి ఇచ్చేవాడు కాదు. ఏదైనా ఇంజను మీద చెయ్యి వేస్తే 'చెయ్యి తియ్యి' అని పదిమందిలో అరిచేవాడు. ఆయన తన ఇష్టప్రకారం మూత తీసి, నూనె పోసి, 'ఇదిగో, ఇప్పుడు తిప్పు' అని దర్జాగా చెప్పగలిగిన ఇంజను మన మిషన్ ఒక్కటే. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం నువ్వూ చూశావు కదా. ఆ వెలుగు చూశాక నోరెత్తడానికి నాకు మనసొప్పలేదు. ఆ తర్వాత ఆయన మంచి మెకానిక్కే అయ్యారు, బస్సుల విషయంలో ఆయన మాటకి తిరుగు లేదు. బస్సుకి ఆ నూనే సరైనది. మన మిషన్ బస్సు కాదు, అంతే.

ఇప్పుడు చెయ్యాల్సింది జాగ్రత్తగా చదువు. కిటికీ తెరువు. బాబాయిని ఆ పూటకి ఇస్త్రీ పెట్టె ఆర్పమను, కిరోసిన్‌తో పరాచికాలు వద్దు. సూది కింద బాబిన్ ఉండే షటిల్ ఊడదీసి, పాత పళ్ళ బ్రష్‌తో బంకంతా వదిలేదాకా రుద్ది, పొడిగుడ్డతో తుడువు. రంధ్రాల్లో ఒక్కో చుక్క కిరోసిన్ వేసి చక్రం అటూ ఇటూ ఆడించు. నల్లగా కారుతుంది, కారనీ. అంతా తుడిచి, పూర్తిగా ఆరాకే నూనె.

దుకాణంలో రెండు మూడు రకాలు చూపిస్తారు. తెల్లకాగితం మీద ఒక్కో చుక్క వెయ్యమను. పసుపు తిరిగినది వద్దు. వేళ్ళ మధ్య రుద్దితే జిగురు తగలకూడదు, వాసన రాకూడదు. తలనూనె, వంటనూనె దాని దరిదాపులకి కూడా రానివ్వకు, అవి ఆరితే జిగురే. తుప్పు వదలడానికి కొట్టే స్ప్రే అమ్మజూపుతారు. అది మురికిని కరిగించి గాలిలో కలిసిపోతుంది, ఆ తర్వాత ఇనుమూ ఇనుమూ ఒరుసుకుంటాయి. నూనె వేశాక పాతగుడ్డ మీద కుడుతూ ఉండు. మరక పడడం ఆగాక తెల్లబట్ట పెట్టు.

ఈ ఉత్తరం చించి పారెయ్యి. ఇంటికి మామూలుగా జవాబు రాయి. అన్నయ్య నూనె బాగుందని ఒక్క ముక్క రాస్తే చాలు.

ఆయన వచ్చేవేళయింది. వెనకాల ఒకాయన ఈ కలం కోసం గుర్రుగా చూస్తున్నాడు.

నీ పిసినారి వదిన


జూన్ 20

పూజ్యులైన అన్నయ్యకీ, బంగారంలాంటి వదినకీ,

నేను ఇక్కడ కులాసా. మీరు చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాను. మిషన్ ఇప్పుడు గాలిలో తేలుతోంది. అన్నయ్యా, నీ నూనె గురించి ఏమని రాయను! నువ్వన్నట్టు మొదట తక్కువే పోశాను, నాదే బుద్ధి తక్కువ. ఆ తర్వాత ధారాళంగా పోశానో లేదో, చక్రం మీద ఒక్క వేలు ఆనిస్తే చాలు, దానంతట అదే తిరుగుతోంది. చప్పుడే లేదు. ఇస్త్రీ బాబాయి గోడకి చెవి ఆనించి, 'అమ్మాయి కుడుతోందా, మానేసిందా' అని అనుమానపడుతున్నాడు. ఫ్యాక్టరీలో ఎన్ని కరెంటు మిషన్లు చూశాను, ఏ ఇంజనీరు పోసిన నూనె ఇలా పనిచేసింది? ఇలాంటి నూనె రాజుల కాలంలో ఉండుంటే రథాలకి పోసేవాళ్ళు. దాని వాసన వస్తే చాలు నాకు పుట్టింటికి వచ్చినట్టుంటోంది. సీసా అడుగంటుతోందని దిగులుగా ఉంది కూడా.

కోట్లు సగం దాటాయి. అన్నీ మల్లెపువ్వుల్లా ఉన్నాయి. వదినా, నీకు ప్రత్యేకంగా ముద్దులు. ఎందుకో అడగొద్దు, ఊరికే.

అన్నయ్యకి గారాల చెల్లి,
వదినకి పిచ్చి మరదలు


జూన్ 24

నీ నోట్లో నువ్వుగింజ నానదా?

ఇది కూడా పోస్టాఫీసు బల్ల మీదే, ఆయనకి తెలియకుండా రాస్తున్నాను. ఒక్క ముక్క రాయమంటే రథాల దాకా వెళ్ళావు. పొగడ్తకీ ఒక హద్దుంటుంది. 'సీసా అడుగంటుతోంది' అని రాయమని నీకు ఎవరు చెప్పారు? మీ అన్నయ్య ఆ ఉత్తరం నాకు మూడుసార్లు చదివి వినిపించారు. తర్వాత పక్కింట్లో, క్షవరం షాపులో, డిపో గేటు దగ్గర కూడా చదివారు. జేబులో మడతపెట్టుకుని తిరుగుతున్నారు, మడతల దగ్గర కాగితం చిరిగింది కూడా. ఆ సంతోషం చూస్తే నాకు ఒకపక్క ముచ్చటేసింది, ఇంకోపక్క గుండెలు జారిపోయాయి.

అనుకున్నంతా అయింది. డిపోకి వెళ్ళి ఒక పెద్ద డబ్బా నిండా నూనె తెచ్చారు. పాత పంచెతో వడకట్టి, మూతకి మైనం పెట్టారు. పోస్టులో పంపితే కారిపోతుందట, తానే స్వయంగా తెచ్చి, తన చేతులతో పోసి వస్తారట. నేను ఎన్ని చెప్పినా వినలేదు. ఎండలన్నాను, మోకాళ్ళన్నాను. 'నా చెల్లెలికి నా అవసరం పడింది' అన్నారు. ఆ మాట అన్నాక ఇక ఏం అడ్డుపడను చెప్పు.

ఒకటి రెండు రోజుల్లో బస్సెక్కుతారు. కోట్లు తీసి బాబాయి గదిలో దాచు. మిషన్‌కి తాళం ఉంటే వెయ్యి. ఏదో ఒకటి చెయ్యి. ఆయన మనసు మాత్రం నొప్పించకు. కోట్ల మీద ఒక్క చుక్క కూడా పడనివ్వకు. ఈ రెండూ ఎలా కుదురుతాయో నాకు తెలియదు. రథాలు గుర్తొచ్చినదానివి కదా, ఇది కూడా ఆలోచించు.

నీ వదిన


జూన్ 30

వదినా,

నీ ఉత్తరం అన్నయ్య తర్వాత వచ్చింది. ఇది అన్నయ్య చదివినా ఫర్వాలేదు. దాచడానికి ఇంకేమీ మిగల్లేదు.

మొన్న నేను కొన్ని కోట్లు తీసుకుని, పొడవు సరిచూసుకుందామని బేకరీకి వెళ్ళాను. ఇంకా కాసినే మిగిలాయి, సంబరంగా ఉన్నాను. తిరిగొచ్చేసరికి మెట్ల దగ్గర అన్నయ్య చెప్పులున్నాయి. నేను ఒక్కో అంగలో రెండేసి మెట్లెక్కాను. అప్పటికే బాబాయి నా గది తలుపు తీసి, మంచినీళ్ళిచ్చి, మర్యాదలన్నీ చేసేశాడు. అన్నయ్య మొదట ఒక గుడ్డముక్క పెట్టి మిషన్ తొక్కి చూశాడట. అంత తేలిగ్గా తిరుగుతుంటే పొంగిపోయి, బాబాయిని పిలిచి చూపించాడట. తర్వాత చొక్కా విప్పేసి, డబ్బా మూత తీసి, ఇంకాస్త పడితే ఇంకా బాగుంటుందని ధారాళంగా పోసేశాడు.

నన్ను చూడగానే 'ఇదిగో, ఇప్పుడు తిప్పు' అన్నాడు. నువ్వు రాసిన మొహమే వదినా. నేను కదలకపోయేసరికి తనే కూర్చుని తొక్కాడు. మిషన్ మూలిగింది. మళ్ళీ తొక్కాడు. పక్కన మడతపెట్టి ఉన్న కోటు అంచు మీద నల్లచుక్క పడింది. అన్నయ్య కాళ్ళు ఆగిపోయాయి. ఎంత కాదన్నా మెకానిక్కు కదా. కాసేపటి క్రితం తన కాళ్ళ కింద అదెలా తిరిగిందో, ఇప్పుడెలా తిరుగుతోందో అతనికి ఒకరు చెప్పక్కర్లేదు. చక్రం చేత్తో తిప్పి చూశాడు. తుడిచిన గుడ్డ వాసన చూశాడు. దారపు ఉండల వెనకాల నా పల్చటి నూనె సీసా కనబడింది. తీసి, ఒక చుక్క వేళ్ళ మధ్య రుద్దాడు.

'ఇది మీ వదిన చెప్పిందా?' అన్నాడు.

నేను కిటికీలోంచి సందులోకి చూశాను.

'మనింట్లో కూడా ఇదేనా?'

అబద్ధం చెబుదామనే అనుకున్నాను వదినా. మామూలుగా నాకు అబద్ధాలు గడగడా వస్తాయి. అప్పుడు ఒక్కటీ రాలేదు. తలూపాను.

అన్నయ్య స్టూలు మీద అలాగే కూర్చుండిపోయాడు. తనని చూస్తే చక్రాలు కడిగే రోజుల్లో ఎలా ఉండేవాడో అప్పుడు తెలిసింది నాకు. దగ్గరికెళ్ళి పట్టుకుని ఏడుద్దామనిపించింది. అంతలో లేచి, 'కిరోసిన్ ఉందా?' అని అడిగాడు. మిషన్ మొత్తం విప్పేశాడు. నేను షటిల్ ఒక్కటే విప్పగలిగాను, అన్నయ్య నాకు పేరు కూడా తెలియని మరలన్నీ ఊడదీసి, వరసగా కాగితం మీద పేర్చి, ఒక్కొక్కటీ కడిగాడు. నేను పోసిన తలనూనె ఇంకా ఎక్కడెక్కడో మూలల్లో ఉంది, అది కూడా గీకాడు. మళ్ళీ బిగించి, నా సీసా తీసుకుని, కంట్లో మందు వేసినట్టు ఒక్కో చుక్క వేశాడు. ఆ తర్వాత ఆ మిషన్ తిరిగిన తిరుగుడు నేనెప్పుడూ చూడలేదు.

మిగిలిన కోట్లన్నీ నేను కుడుతుంటే అన్నయ్య పక్కన కూర్చుని బొత్తాలు కుట్టాడు. మరక పడిన అంచు కత్తిరించి కొత్తది వేశాం. ఇవాళ పొద్దున బేకరీ ఆవిడ ఒక్కో కోటూ తిరగేసి తిరగేసి చూసింది. ఛాతీ మీద జేబున్న కోటు దగ్గర ఆగి, 'ఇది బాగుంది, పెన్ను పెట్టుకోవడానికి. అన్నింటికీ ఎందుకు కుట్టలేదు?' అంది. తర్వాతి దుకాణం కోట్లకి జేబులు ఉండాలట. అవును వదినా, తర్వాతి దుకాణం పని కూడా నాకే. నెల తిరక్కుండా గేటు దగ్గర నిలబడతావన్నాడుగా ఈలాయన, నిజంగానే నిలబడతాను. మా లైనులో చెయ్యి తిరిగిన ఒకమ్మాయి ఉంది, ఆమెని నా షాపుకి పిలుచుకు రావడానికి.

ఇంత సంతోషంలోనూ నా మనసు మనసులో లేదు. అన్నయ్య మధ్యాహ్నం బస్సుకి బయల్దేరాడు. నీ గురించి ఒక్క మాట అనలేదు. బస్సెక్కాక కిటికీలోంచి తల బయటపెట్టి, 'అమ్మకి కూడా తెలుసా?' అన్నాడు. తెలుసన్నాను. బస్సు కదిలిపోయింది. అన్నయ్యకి కోపమొస్తే అరుస్తాడు కదా. అరవలేదు. అందుకే నాకు భయంగా ఉంది. ఏమన్నాడో వెంటనే రాయి.

నీ మరదలు


జూలై 4

అమ్మలూ,

ముందు నీ బేకరీ వార్తకి సంతోషం. ఆ ఈలాయన్ని నా తరఫున కూడా ఒకసారి పలకరించు.

నీ ఉత్తరం నిన్న వచ్చింది. అంతకుముందే ఆయన వచ్చారు. గుమ్మంలో చూడగానే నాకు విషయం తెలిసిపోయింది, చేతిలో డబ్బా లేదు. కాళ్ళు కడుక్కుని, మిషన్ ఉండే మూల ఇప్పుడు ఖాళీగా ఉంది కదా, అక్కడ నేల మీద కూర్చున్నారు. నేను వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్ళీ కడుగుతున్నాను. నాకు ఈయనంటే ఎన్నడూ భయం లేదని నీకు తెలుసు. ఆ పూట భయపడ్డాను. ఇన్నేళ్ళు నేను కాపాడింది ఆ పూటతో పోయిందనుకున్నాను.

ఎంతసేపటికో పిలిచారు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

'వారం వారం తుడిచావా?' అన్నారు.

తుడిచానన్నాను.

'ఒక్క వారం కూడా మానలేదా?'

'మీరు మానితేగా' అన్నాను. నా నోరు సంగతి నీకు తెలుసు, ఎక్కడ మూసుకోవాలో దానికి తెలియదు.

ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. 'డిపోలో నా చేతిలోంచి పానా జారినా పదిమందీ నవ్వేవాళ్ళు. ఇంట్లో ఇంత తప్పు చేస్తుంటే ఒక్కరు కూడా నవ్వలేదు' అన్నారు. మీ అమ్మ దగ్గు గుర్తొచ్చి నవ్వాపుకోలేక మేమిద్దరం వంటింట్లోకి పారిపోయిన ఆదివారాలు ఉన్నాయి. కానీ ఆయన చెప్పింది ఆ నవ్వు గురించి కాదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, నా వంక చూడకుండా.

తర్వాత, 'అయితే నేనూ ఒకటి చెప్పాలి' అన్నారు.

నీకు తెలుసు కదా, ఆయనకి నేనెప్పుడూ బయట చొక్కా కుట్టనివ్వలేదు. డిపో యూనిఫారం దగ్గర్నుంచి ఇప్పుడు వేసుకునేవాటి దాకా అన్నీ నా చేతి కుట్టే. ఆ సంగతి నేను ఎంతమందితో ఎన్నిసార్లు చెప్పుకున్నానో కూడా నీకు తెలుసు. ఇప్పుడు తెలిసిందేమిటంటే, నేను కుట్టే కాలరు ఆయనకి మొదటి నుంచీ మెడ పట్టేస్తుందట. ఊపిరి ఆడదట. కొత్త చొక్కా కుట్టి ఇచ్చిన ప్రతిసారీ, 'భలే కుదిరింది' అని వేసుకుని వెళ్ళి, డిపో గేటు దగ్గరుండే దర్జీ చేత కాలరు విప్పించి, కొత్తగా వేయించుకుని, సాయంత్రం అదే చొక్కాతో ఇంటికొచ్చేవారట. ఇన్నేళ్ళూ. ఒక్క చొక్కా మినహాయింపు లేకుండా.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. 'మీ అమ్మకి తెలుసా?' అన్నాను. తెలుసట. కొలతల కోసం పాత కాలరు దాచిపెట్టి ఇచ్చేది ఆవిడేనట. నాకూ కాపలా కాసింది, నా మీదా కాపలా కాసింది ఆ మహాతల్లి.

లేచి వెళ్ళి, ఆయన వేసుకున్న చొక్కా కాలరు పట్టుకుని, కిటికీ వెలుతురులోకి లాగి, మడత తిప్పి చూశాను. చూపు ఆనడం లేదంటే ఆయనే తన కళ్ళజోడు తీసి నాకు పెట్టారు. నిజమే, ఆ కుట్టు నాది కాదు. ఎక్కడా ఒక్క పోగు వంకర లేదు, మూల దగ్గర ఎంత చక్కగా తిప్పాడో. గట్టిగా అరుద్దామని నోరు తెరిచాను.

'నాకంటే బాగా కుట్టాడండీ' అన్నాను.

నీ వదిన